లో బీపీ: కూర్చోబెట్టి చూస్తే సరిపోదు, నిలబెట్టి చూడాలి

వరంగల్, కరీంనగర్, జగిత్యాల దిక్కు ఎండలు ముదిరాయంటే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర మంచాలు ఖాళీ ఉండవు. "కండ్లు తిరుగుతున్నయి, పానమంత గుంజుతున్నది" అంటూ వస్తారు. బీపీ చూస్తారు, "డౌన్ అయింది" అంటారు, ఒక సెలైన్ బాటిల్ ఎక్కిస్తారు. సాయంత్రానికి కాస్త తేరుకుని ఇంటికి పోతారు. వారం తిరిగేసరికి మళ్లీ అదే మంచం. బీపీ ఎందుకు పడిందని మాత్రం ఎవరూ అడగరు.

ఆ అర లీటరు సెలైన్ బాటిల్‌లో ఉండేది అర లీటరు నీళ్లు, నాలుగున్నర గ్రాముల ఉప్పు. అంతే. వాంతులు లేకుండా, సోయిలో ఉండి, నోటితో తాగగలిగే మనిషికి అదే నీళ్లూ ఉప్పూ గ్లాసులో పోసి ఇవ్వొచ్చు. గ్లూకోజ్ బాటిల్ అయినా అంతే. అయిదు శాతం గ్లూకోజ్ అర లీటరులో ఉండే చక్కెర 25 గ్రాములు, అంటే ఐదారు చెంచాలు. "బలం బాటిల్" అని పేరు పెట్టుకున్నా, దాని బలం ఒక గిన్నెడు అన్నానికి మించదు. అత్యవసరంలో సెలైన్ ప్రాణం నిలబెడుతుంది, అందులో అనుమానం లేదు. కానీ నెలకోసారి బాటిల్ ఎక్కించుకోవడం లో బీపీకి వైద్యం కాదు.

పై నంబరు 90 కంటే, కింది నంబరు 60 కంటే తక్కువుంటే లో బీపీ అని లెక్క. కానీ నంబరొక్కటే చూసి భయపడాల్సిన పని లేదు. సన్నగా ఉండే పాతికేళ్ల అమ్మాయికి ఎప్పుడు చూసినా 88/58 ఉంటుంది. తను నాట్లకు పోతుంది, కలుపు తీస్తుంది, తల తిరగదు. ఆమెకు జబ్బూ లేదు, మందూ అక్కర్లేదు. అదే పదేళ్లుగా 150 ఉండే పెద్దమనిషికి ఇవాళ 105 ఉండి, మత్తుగా ఉంటే, చెమటలు పడుతుంటే, నంబరు "నార్మల్" అయినా ఆయనకు అది ప్రమాదమే. ఆ మనిషికి రోజూ ఉండే బీపీ ఎంత, ఇవాళ ఉన్న బాధ ఏమిటి అన్నవి పక్కన పెట్టి చదివిన నంబరుకు అర్థం లేదు.

అసలు ఆ నంబరు నిజమేనా అన్నది ముందు తేల్చుకోవాలి. మామూలు బీపీ మిషన్‌తో వచ్చే పట్టీ మీద 22 నుంచి 32 సెంటీమీటర్లు అని రాసి ఉంటుంది. అది జబ్బ చుట్టుకొలత. దర్జీ టేపుతో భుజానికీ మోచేతికీ నట్టనడుమ కొలిచి చూస్తే మన దగ్గర సన్నటి ఆడవాళ్లు చాలామందికి 22 కూడా ఉండదు. పట్టీ పెద్దదైతే బీపీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. లావుపాటి చేతికి చిన్న పట్టీ కడితే ఎక్కువ చూపిస్తుంది. చెయ్యి గుండె మట్టానికి పది సెంటీమీటర్లు పైన పెడితే ఏడెనిమిది పాయింట్లు తగ్గిపోతుంది, కిందికి వేలాడితే అంతే పెరుగుతుంది. "మా కోడలికి ఎప్పుడూ లో బీపీయే" అన్న ముద్రల్లో కొన్ని ఈ పట్టీ వల్ల పడినవే. చొక్కా చేతి మీద కట్టకుండా, ఉచ్చ పోసి వచ్చి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. బీడీ, చాయ్ అరగంట ముందే ఆపాలి.

లో బీపీలో అన్నిటికంటే విలువైన పరీక్షకు కావలసింది ఒక మంచం, ఒక మిషన్, తోడుగా ఒక మనిషి. ఐదు నిమిషాలు వెల్లకిలా పడుకోవాలి. పడుకునే ఉండి బీపీ, నాడి రాసుకోవాలి. లేచి నిలబడాలి. నిలబడి నిమిషం కాగానే ఒకసారి, మూడు నిమిషాలు కాగానే ఇంకోసారి చూడాలి. పై నంబరు 20 గానీ, కింది నంబరు 10 గానీ పడిపోతే, నిలబడినప్పుడు బీపీ పడే జబ్బు ఉన్నట్టే. ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు ఒకటుంది. నిలబడ్డ మనిషి చెయ్యి కిందికి వేలాడుతుంటే రీడింగు ఎక్కువ వచ్చి, పడిన బీపీ దాక్కుంటుంది. పక్కనున్నవాళ్లు ఆ చేతిని గుండె ఎత్తున పట్టుకోవాలి, లేదా అల్మారా అరమీద ఆనించాలి. కళ్లు చీకట్లు కమ్మితే మూడు నిమిషాల కోసం ఆగొద్దు, వెంటనే పడుకోబెట్టాలి. బాధలు పొద్దున్నే ఎక్కువ ఉంటాయి కాబట్టి పొద్దున లేవగానే ఒకసారి, మధ్యాహ్నం అన్నం తిన్న గంటకు ఒకసారి, మూడు రోజులు ఇలా చూసి నోటుబుక్కులో రాసుకొని పోతే డాక్టరుకు సగం పని అయిపోయినట్టే. ఓపీలో కూర్చోబెట్టి ఒక్కసారి చూసే రీడింగులో ఇవేవీ కనబడవు.

నిలబడగానే అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం కాళ్లలోకీ కడుపులోకీ దిగుతుంది. ఆరోగ్యంగా ఉన్న శరీరం క్షణాల్లో రక్తనాళాలను బిగించి, గుండె వేగం పెంచి సర్దుకుంటుంది. బీపీతో పాటు నాడి కూడా రాసుకోమన్నది అందుకే. బీపీ 30 పాయింట్లు పడి, నాడి 80 నుంచి 115కు ఎగబాకితే, నరాలు తమ పని తాము చేస్తున్నాయి, లోపల నీళ్లో రక్తమో తక్కువైంది అని అనుమానించాలి. విరేచనాలు, ఎండదెబ్బ, నెలసరి ఎక్కువ పోవడం, కడుపులో పుండు నుంచి రక్తం కారడం ఈ కోవలోవి. అదే 30 పాయింట్లు పడినా నాడి 15 కూడా పెరగకపోతే సర్దే నరాలే దెబ్బతిని ఉండొచ్చు. ఏళ్ల తరబడి అదుపులో లేని షుగర్, చేతులు వణికే పార్కిన్సన్స్ జబ్బు, బీ12 విటమిన్ లోపం ఇలా చేస్తాయి. షుగర్ గోలీ మెట్‌ఫార్మిన్ ఏళ్లకేళ్లు వాడేవాళ్లలో బీ12 తగ్గుతుంది. అరికాళ్లు మొద్దుబారి, లేస్తే తల తిరిగే షుగర్ పేషెంట్ ఆ పరీక్ష చేయించుకోవాలి. గుండె వేగం తగ్గించే అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి గోలీలు వేసుకునేవాళ్లకు మాత్రం నాడి ఎలాగూ పెరగదు. వాళ్ల విషయంలో ఈ లెక్క పనికిరాదు.

పెద్దవాళ్లలో లో బీపీ అనగానే ముందు చూడాల్సింది గోలీల సంచి. మూడు రకాల బీపీ మందులు కలిపిన ఒకే గోలీలు ఇప్పుడు మామూలైపోయాయి: టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5, పైన ఉచ్చ ఎక్కువ పోయించే హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5. దానికి తోడు సర్కారు దవాఖానలో ఇచ్చిన ఆమ్లోడిపిన్ షీటు ఇంకోటి. కంపెనీ పేరు వేరు, రంగు వేరు కాబట్టి రెండూ వేసుకుంటారు, లోపల మందు మాత్రం ఒకటే. ప్రొస్టేట్ కోసం రాత్రి వేసుకునే టామ్సులోసిన్, ప్రాజోసిన్, నరాల మంటకిచ్చే అమిట్రిప్టిలిన్, గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్, షుగర్‌కు వాడే డాపాగ్లిఫ్లోజిన్ కూడా బీపీని దించగలవు. సార్బిట్రేట్ పెట్టుకునేటప్పుడు కూర్చోవాలి, నిలబడి వద్దు. అది వాడే మగవాళ్లు సిల్డెనాఫిల్ (వయాగ్రా) ముట్టుకోకూడదు, రెండూ కలిస్తే బీపీ ప్రాణం మీదికి తెచ్చేంత పడుతుంది. అయితే తల తిరిగిందని బీపీ గోలీలు సొంతంగా మానెయ్యొద్దు. కొన్ని ఒక్కసారిగా ఆపితే బీపీ రెట్టింపు వేగంతో తన్నుకొస్తుంది. ఇంట్లో ఉన్న షీట్లన్నీ, పాతవీ కొత్తవీ, ఒకే సంచిలో వేసుకుని పోయి డాక్టరు ముందు గుమ్మరించండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు మాత్రం ఫోన్ చేసైనా అడగాలి: ఉచ్చ పోయించే గోలీ, టెల్మిసార్టాన్, డాపాగ్లిఫ్లోజిన్ ఇవాళ వేసుకోవాలా, ఆపాలా అని. ఒంట్లో నీళ్లు లేనప్పుడు అవి కిడ్నీలను కూడా దెబ్బతీస్తాయి.

మోకాళ్ల నొప్పులకని నెలల తరబడి సంచి పొడులో, రంగు గోలీలో వాడి ఒక్కసారి మానేసినవాళ్ల సంగతి వేరు. వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటే, ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికే నిద్రపోయి ఉంటుంది. మానేసిన కొద్ది రోజులకు నీరసం, వాంతులు, పడిపోయే బీపీ మొదలవుతాయి. ఏం వాడారో దాచకుండా చెప్పడమే వాళ్లను కాపాడుతుంది.

ఇక ఎండ. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి సీజను ఫిబ్రవరి నుంచి మే దాకా నడుస్తుంది, బస్తాలు మోసే హమాలీలకు నీడ తక్కువ. రామగుండం, గోదావరిఖని, భూపాలపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల్లో, ఉపాధి హామీ చెరువు పనుల్లో ఇదే కథ. దాహం వేసేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం. ఎండలో పని చేసేటప్పుడు ప్రతి 15–20 నిమిషాలకు ఒక గ్లాసు, దాదాపు పావు లీటరు, తాగుతూ ఉండాలి. గంటకు లీటరున్నర దాటించొద్దు. ఉచ్చ లేత పసుపుగా ఉంటే చాలినంత తాగినట్టు, చిక్కటి చాయ్ రంగుకు వస్తే చాలనట్టు. వట్టి నీళ్లే లీటర్లకొద్దీ తాగితే ఒంట్లో ఉప్పు పలచనైపోయి ఇంకో ప్రమాదం. నడుమ నడుమ ఉప్పేసిన సల్లనో, జొన్న అంబలో తాగాలి. కల్లు మాత్రం దాహం తీర్చదు. మద్యం ఏదైనా రక్తనాళాలను వదులు చేసి బీపీని ఇంకా దించుతుంది, మత్తుమందు కలిపిన కల్లయితే చెప్పక్కర్లేదు. తాటిచెట్టు ఎక్కే గౌడన్నలకు ఎప్పుడైనా కళ్లు తిరిగి ఉంటే, కారణం తేలేదాకా చెట్టెక్కకూడదు. బైకు, బావి పని కూడా అంతే.

ఓఆర్ఎస్ గురించి కాస్త గట్టిగా చెప్పాలి. అసలైన లీటరు ప్యాకెట్‌లో 20.5 గ్రాముల పొడి ఉంటుంది: గ్లూకోజ్ 13.5, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. ఈ పాళ్లు కుదిరితేనే పేగు ఉప్పునూ నీళ్లనూ లోపలికి లాగుతుంది. గ్లాసులో సగం ప్యాకెట్ అంచనాగా వేసి కలపడం పెద్ద తప్పు. చిక్కగా అయితే విరేచనాలు పెరుగుతాయి, పలచనైతే పని చేయదు. 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లు కూడా వస్తాయి కాబట్టి ఎంత నీళ్లకో ప్యాకెట్ మీద చదివి, అంతా ఒక్కసారే కలిపి, 24 గంటల్లో వాడాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తలకొట్టిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఈ చెంచా 5 మిల్లీలీటర్లది, భోజనానికి వాడే పెద్ద గరిటె కాదు. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని తియ్యటి పానీయాలు డబ్బాల్లో అమ్మితే, హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉందో లేదో చూడండి.

అన్నం తిన్నాక పడే బీపీ చాలామంది పట్టించుకోనిది. తిన్న రెండు గంటల్లోపు పై నంబరు 20 పడితే దాని లెక్కలోకి వస్తుంది. అరిగించడానికి రక్తం పేగులకు మళ్లుతుంది, వయసు మళ్లినవాళ్లలో, పాత షుగర్ ఉన్నవాళ్లలో మిగతా నాళాలు ఆ మేరకు బిగుసుకోవు. పళ్లెం నిండా తెల్లన్నం, పెళ్లి బువ్వ, తియ్యటివి ఎక్కువ దించుతాయి. దావత్‌లో తిని చెయ్యి కడుక్కోవడానికి లేచి పడిపోయే పెద్దవాళ్ల సంగతి ఎక్కువగా ఇదే. తినే ముందు ఒకటిన్నర, రెండు గ్లాసుల నీళ్లు, పళ్లెంలో సగం అన్నం తీసేసి పప్పు, గుడ్డు, కూర పెంచడం, రెండు పూటల తిండిని నాలుగైదు సార్లకు పంచుకోవడం, తిన్న గంటసేపు మెట్లెక్కకపోవడం. వీటితోనే చాలామందికి నయం. బీపీ గోలీ సరిగ్గా తిండికి ముందు పడుతుంటే ఆ వేళ మార్చొచ్చేమో డాక్టరును అడగాలి.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు చాట ఒళ్లో పెట్టుకుని గంటలకొద్దీ బీడీలు చుట్టే ఆడవాళ్లు చటుక్కున లేచి పొయ్యి దగ్గరికి పోతూ తూలుతారు. వాళ్లలో రక్తం తక్కువ కూడా తోడై ఉంటుంది. రక్తం తక్కువగా ఉండటం, బీపీ తక్కువగా ఉండటం రెండూ వేర్వేరు సంగతులు. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే, గర్భిణికైతే 11 కంటే తక్కువుంటే, ఐరన్ గోలీ కావాలి, ఉప్పు కాదు. ఐరన్ గోలీ చాయ్‌తో వేసుకుంటే ఒంటికి పట్టదు, నిమ్మరసంతో బాగా పడుతుంది. లేవబోయే ముందు చేయాల్సింది మాత్రం అందరికీ ఒకటే: కాళ్లు చాపి, మడమలు ఆనించి, పాదాలను పైకీ కిందికీ ఇరవైసార్లు గట్టిగా ఆడించాలి. పిక్కలు పిండినప్పుడల్లా కాళ్లలో నిలిచిన రక్తం పైకి పోతుంది. తర్వాత గోడో మంచం పట్టెనో పట్టుకుని లేచి, నిమిషం నిలబడి, అప్పుడు అడుగు వెయ్యాలి. రాత్రి ఉచ్చకు లేచే పెద్దమనుషులు మంచం మీద కాసేపు కూర్చుని లేవాలి, మగవాళ్లైనా కూర్చునే పోసుకోవాలి. బాగా వేడినీళ్ల స్నానం కూడా నాళాలను వదులు చేస్తుంది. స్టూలు వేసుకుని చేయడం మంచిది.

మేడారం జాతర క్యూలో, బతుకమ్మ ఆటలో, పెళ్లి పందిట్లో చాలాసేపు నిలబడి ముఖం పాలిపోయి, చెమటలు పట్టి, చెవుల్లో హోరు మొదలైందంటే పడిపోవడానికి అర నిమిషం ఉన్నట్టు. అప్పుడు పనికొచ్చే పట్టులు మూడు. ఒకదాని మీద ఒకటి కాళ్లు మెలేసి తొడలు, పిరుదులు గట్టిగా బిగబట్టాలి. లేదా రెండు చేతుల వేళ్లు కొక్కెంలా పెనవేసి చెరోవైపు లాగాలి. రెంటికీ ఆగకపోతే ఉన్నచోటే గొంతుక్కూర్చోవాలి. అర నిమిషం పైనే పట్టాలి, లేచేటప్పుడు కాళ్లు బిగించి నిదానంగా లేవాలి. నీళ్లు కూడా మందే. అర లీటరు నీళ్లు రెండు మూడు నిమిషాల్లో గటగటా తాగితే, నరాలు దెబ్బతిన్నవాళ్లలో పది నిమిషాల్లో బీపీ పెరగడం మొదలై గంట దాకా నిలుస్తుంది. పొద్దున మంచం దిగకముందే ఈ పని చేసుకోవచ్చు.

ఎవరైనా పడిపోతే మన జనం చేసే మొదటి పని లేపి కుర్చీలో కూర్చోబెట్టడం. అదే చేయకూడనిది. మెదడుకు రక్తం అందకనే పడిపోయారు, నిలువుగా పెడితే ఇంకా అందదు. నేల మీదే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఒక అడుగు ఎత్తు పెట్టాలి. చుట్టూ గుంపు తప్పించి గాలాడనివ్వాలి. సోయి రాకుండా నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వాంతి వస్తే పక్కకు తిప్పాలి. ఒకటి రెండు నిమిషాల్లో తేరుకుంటే పది పదిహేను నిమిషాలు పడుకునే ఉండనిచ్చి, మెల్లగా కూర్చోబెట్టాలి. షుగర్ గోలీలు, ఇన్సులిన్ వాడేవాళ్లయితే గ్లూకోమీటర్‌తో చూడాలి. 70 కంటే తక్కువుంటే అది లో షుగర్, సోయి వచ్చాక మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే అది వడదెబ్బ. నీళ్లు చల్లి, తడిపి, విసురుతూ 108కు ఫోన్ చేయాలి.

ఇంకొన్ని సందర్భాల్లో కూడా 108 తప్ప ఇంకో ఆలోచన వద్దు: ఛాతీలో నొప్పి, బరువు. చల్లటి చెమటలు. పడుకుని ఉండగానో, పరిగెత్తుతుండగానో సోయి తప్పడం. నల్లగా తారులాంటి విరేచనం (ఐరన్ గోలీలతో కూడా నల్లగా వస్తుంది, కానీ తారులా జిగటగా కంపు కొట్టదు). కాన్పు తర్వాత ఆగని రక్తం. జ్వరం, వణుకుతో పాటు పడిన బీపీ. ఎనిమిది గంటలుగా ఉచ్చ రాకపోవడం. పాము కాటు. సూది వేసిన వెంటనే దద్దుర్లు, ఆయాసం.

వానకాలంలో డెంగీ సంగతి ప్రత్యేకం. జనం ప్లేట్‌లెట్ల నంబరు పట్టుకుని కూర్చుంటారు. ప్రాణం తీసేది ఎక్కువగా రక్తనాళాల నుంచి నీరు కారిపోయి పడే బీపీ. అది మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, జ్వరం తగ్గి ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే సమయంలోనే వస్తుంది. అక్కడ పై నంబరొక్కటి చూస్తే మోసపోతాం. 100/82 అని వచ్చిందనుకోండి, "వంద ఉంది కదా" అనిపిస్తుంది. రెంటి మధ్య తేడా 18 మాత్రమే. తేడా 20కి దిగిందంటే షాక్ మొదలైనట్టే. చేతులు కాళ్లు చల్లబడటం, కడుపునొప్పి, ఆగని వాంతులు, మగత కనబడితే ప్లేట్‌లెట్ రిపోర్టు కోసం ఆగకుండా పెద్ద దవాఖానకు పోవాలి. డెంగీ జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి గోలీలు వద్దు.

గర్భిణులకు నడి నెలల్లో బీపీ కొంచెం తగ్గడం సహజం. ఐదో నెల దాటాక వెల్లకిలా పడుకుంటే గర్భసంచి పెద్ద సిరను నొక్కి బీపీ పడుతుంది. ఎడమ పక్కకు తిరిగితే సర్దుకుంటుంది.

వంటింటి చిట్కాల్లో ఎక్కువగా చెప్పేది బీట్‌రూట్ రసం. ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందని నమ్మకం. నిజానికి దానిలోని నైట్రేట్ రక్తనాళాలను వదులు చేసి బీపీని తగ్గిస్తుంది. లో బీపీ ఉన్నవాళ్లకు అది ఉల్టా వైద్యం. కాఫీ కాసేపు కొన్ని పాయింట్లు పెంచుతుంది, రోజూ తాగేవాళ్లలో అదీ తక్కువే. ఉప్పు పెంచడం నిజంగా పనిచేస్తుంది, కానీ అందరికీ కాదు. తొక్కు, పచ్చిపులుసు లేకుండా ముద్ద దిగని ఇళ్లలో ఉప్పు కొరత అరుదు. నరాల వల్ల బీపీ పడేవాళ్లకు డాక్టరు రోజుకు 6 నుంచి 10 గ్రాముల దాకా చెప్తారు, ఒక చెంచా ఉప్పు దాదాపు 5–6 గ్రాములు. గుండె బలహీనత, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, పడుకుంటే బీపీ పెరిగేవాళ్లు సొంతంగా ఉప్పు పెంచితే ఆయాసంతో దవాఖాన చేరతారు.

ఇవన్నీ చేసినా లేస్తే పడిపోయేవాళ్లకు ఇంకో రెండు ఉపాయాలున్నాయి. మంచం తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు ఒకదాని మీద ఒకటి పరిచి పెడితే ఆరంగుళాలు లేస్తుంది. దిండ్లు ఎత్తితే మెడ వంగుతుంది తప్ప ఈ లాభం రాదు. మంచం మొత్తం వాలుగా ఉంటేనే రాత్రి కిడ్నీలు ఉప్పూ నీళ్లూ పారబోయడం తగ్గుతుంది. రెండోది నడుముకు కట్టే బెల్టు, కాన్పు తర్వాత వాడేలాంటిది. నిలబడినప్పుడు రక్తం ఎక్కువగా దిగేది కడుపులోకే. మన ఎండల్లో తొడల దాకా బిగుతు మేజోళ్లు ఎవరూ భరించలేరు, మోకాలి దాకా వేసుకునేవాటితో ఒరిగేది తక్కువ. బెల్టు పడుకుని ఉండగానే కట్టుకుని లేవాలి, పడుకునే ముందు విప్పెయ్యాలి.

మందులు చివరి మెట్టు. ఫ్లూడ్రోకార్టిసోన్ 0.1 మిల్లీగ్రాముతో మొదలుపెడతారు. ఒంట్లో ఉప్పు నిలుపుతుంది, కాళ్ల వాపు, పొటాషియం తగ్గడం చూసుకోవాలి. మిడోడ్రిన్ 2.5 మిల్లీగ్రాముల నుంచి మొదలై రోజుకు మూడుసార్లు, అన్నీ తిరుగాడే వేళల్లోనే. చివరి గోలీకీ పడకకూ మధ్య కనీసం నాలుగు గంటలుండాలి, లేదంటే పడుకున్నాక బీపీ 180 దాటిపోవచ్చు. కాబట్టి ఈ గోలీలు మొదలుపెట్టినవాళ్లు పొద్దున నిలబడి చూసిన రీడింగుతో పాటు రాత్రి పడుకున్నాక చూసింది కూడా అదే నోటుబుక్కులో రాసి, తర్వాతి ఓపీకి పట్టుకెళ్లాలి.